షిఫ్టు డ్యూటీలు, చిన్న మాటకే గొడవలు... నాకేమైనా జబ్బా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 34. గాజువాకలో ఉంటాం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా వారు ఒక పరిశ్రమలో షిఫ్టుల్లో పనిచేస్తారు. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఆరేళ్ల బాబున్నాడు. ఏడాదిగా చిన్న విషయాలకే మాటా మాటా పెరుగుతోంది. మొన్న ఆయన నైట్ షిఫ్టు నుంచి రాగానే బాబు ఫీజు గురించి అడిగితే పెద్ద రభస అయింది. అంతకుముందు ఒక పొద్దున్న గ్యాస్ బుక్ చేయలేదన్నందుకు అలాగే జరిగింది. ఆ తర్వాత ఆయన రెండు మూడు రోజులు మాట్లాడరు. నాకు నిద్ర సరిగా పట్టదు, తలనొప్పి, ఊరికే ఏడుపొస్తుంది. మా అత్తయ్య నిద్రమాత్ర కొన్నిసార్లు వేసుకున్నాను. అమ్మ సర్దుకుపొమ్మంటోంది. ఇది మానసిక జబ్బా? మందులు వాడాలా?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: మీరు రాసిన రెండు గొడవలూ ఆయన రాత్రంతా పనిచేసి ఇల్లు చేరిన పొద్దుటి పూటే జరిగాయి. మీ కాపురంలో లోపముందా అన్న ప్రశ్నకు వెళ్లే ముందు నేను ఈ వేళ గురించే ఆలోచిస్తాను. వెలుతురును బట్టి నడిచే శరీర గడియారం షిఫ్టు మారిన రోజే మారదు, సర్దుకోవడానికి చాలా రోజులు పడుతుంది. ఈలోగా మళ్లీ షిఫ్టు మారుతుంది. పగటి నిద్ర రాత్రి నిద్రంత సేపు ఉండదు, అంత గాఢంగానూ ఉండదు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. అది కరవైనప్పుడు కోపాన్ని అదుపు చేసుకునే శక్తి తగ్గుతుంది, ఎదుటివారు మామూలుగా అడిగిన మాట కూడా నిందలా వినిపిస్తుంది. సరిగ్గా ఆ సమయానికే మీరు బాబును తయారుచేసి స్కూలుకు పరుగెత్తే హడావుడిలో ఉంటారు. అలసిపోయిన ఇద్దరు మనుషులు రోజు మొత్తంలో అతి కష్టమైన అరగంటలో ఇంటి లెక్కలు తేల్చుకోవాలని చూస్తున్నారు.

ఇక ఆయన మౌనం సంగతి. వాదన ముదిరినప్పుడు గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, ఆ స్థితిలో ఆలోచన సాగదు. కొందరు గట్టిగా అరుస్తారు, కొందరు నోరు మూసుకుంటారు. కాబట్టి ఆ మౌనం మొత్తాన్నీ నిర్లక్ష్యమని తీసుకోనక్కరలేదు. అయితే శరీరం నెమ్మదించడానికి సాధారణంగా ఇరవై నిమిషాల నుంచి గంట చాలు. మూడు రోజుల మౌనం మాత్రం పంతమే, అది మీ మనసుకు చేస్తున్న హాని చిన్నదేమీ కాదు. ఈ సంగతి ఆయనకు కోపం లేని వేళలో చెప్పండి. మీ ఉత్తరం ఆయన చేత చదివించినా నాకు అభ్యంతరం లేదు.

డబ్బు, బాబు చదువు, అత్తయ్య మందుల వంటి విషయాలను నైట్ షిఫ్టు రోజుల్లో ఎత్తవద్దని ఇద్దరూ ఒప్పందం చేసుకోండి. వాటిని వీక్లీ ఆఫ్ రోజుకు ఉంచి, ఆయన నిద్ర తీరాక, వీలైతే ఇంటి బయట మాట్లాడుకోండి. యారాడ వైపో, బీచ్ రోడ్డులోనో పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకోవడం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడం కన్నా చాలామందికి తేలిక. ‘మీరెప్పుడూ ఇంతే’ అని మొదలుపెడితే ఎవరైనా తమను సమర్థించుకునే పనిలోనే పడతారు. ‘ఫీజు గడువు దగ్గరపడింది, నాకు గాభరాగా ఉంది’ అంటే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. కోపం పెరుగుతోందనిపిస్తే లేచి వెళ్లడం తప్పు కాదు, కానీ మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో చెప్పి వెళ్లాలి. ఆయన పగలు పడుకునే గదికి మందపాటి కర్టెన్లు వేసి, ఫోన్ బయట పెట్టించండి. డ్యూటీ చివరి గంటల్లో టీ, కాఫీలు తగ్గించమనండి. మీ అమ్మగారు చెప్పిన సర్దుబాటు ఇద్దరూ చేసుకుంటేనే పనికొస్తుంది. ఒక్కరే సర్దుకుపోతుంటే అది తలనొప్పిగానో, నిద్రలేమిగానో బయటపడుతుంది.

మీ విషయంలో ఈ కొద్ది వివరాలతో జబ్బు అని గానీ, కాదని గానీ చెప్పలేను. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ సేపు దిగులుగా ఉండటం, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం, దానితోపాటు ఆకలి తగ్గడం, నీరసం, ఏకాగ్రత లేకపోవడం, తాను దేనికీ పనికిరాననిపించడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికి చికిత్స అవసరం. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా ఇలాంటి లక్షణాలనే చూపిస్తాయి కనుక టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్ పరీక్షలు ముందే చేయించుకోండి. డిప్రెషన్ తక్కువ స్థాయిలో ఉంటే కౌన్సెలింగ్‌తోనే చాలావరకు తగ్గుతుంది. మందులు అవసరమైనా అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానకూడదు. అత్తయ్యగారి మాత్ర మాత్రం ఇక ముట్టవద్దు. నిద్రమాత్రల్లో చాలావాటికి శరీరం త్వరగా అలవాటు పడుతుంది, పైగా అవి దిగులును తగ్గించవు. ఏ మాత్ర, ఎన్నిసార్లు వేసుకున్నారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఓపీకి వెళ్లవచ్చు. వెళ్లడానికి మొహమాటంగా ఉంటే ముందుగా 14416కు ఫోన్ చేయండి; 2022లో కేంద్రం ప్రారంభించిన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆయన రానంటే మొదటిసారి మీరొక్కరే వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. చేయి చేసుకోవడం, బెదిరించడం ఉన్నాయని మీరు రాయలేదు. ఒకవేళ ఉంటే పైన చెప్పిన మాటల ఒప్పందాలు మీకు వర్తించవు, వెంటనే 181 మహిళా హెల్ప్‌లైన్‌కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి.

– మానసిక వైద్య నిపుణులు, విశాఖపట్నం