ఆ మాత్ర మానేస్తేనే చేర్చుకుంటామంటున్నారు... ఏం చేయాలి?

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. హెరాయిన్ ఇంజెక్షన్ల అలవాటు వల్ల గుండె కవాటానికి ఇన్ఫెక్షన్ సోకింది. ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ చేస్తామంటున్నారు గానీ ఇంకో నాలుగు వారాలు నరం ద్వారా యాంటీబయాటిక్ ఎక్కించాలట. అలవాటు మానడానికి రోజూ బుప్రెనార్ఫిన్ మాత్ర ఇస్తున్నారు. నర్సింగ్ సంరక్షణ కేంద్రాలను అడిగితే, ఆ మాత్ర మాన్పించి తీసుకురమ్మంటున్నారు. మాన్పించమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా, మాన్పించకండి. యాంటీబయాటిక్ ఎంత అవసరమో ఆ మాత్ర కూడా అంతే అవసరం. ఉన్నట్టుండి ఆపేస్తే కొద్దిరోజుల్లోనే ఒళ్లునొప్పులు, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. కంటి మీద కునుకు ఉండదు. ఆ బాధ ఓర్చుకోలేకే చాలామంది కోర్సు మధ్యలో వెళ్లిపోతారు. పైగా మాత్ర ఆపాక మత్తుమందును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అప్పుడు మళ్లీ హెరాయిన్ తీసుకుంటే, ఒకప్పుడు అలవాటైన డోసే ఊపిరి ఆపేయవచ్చు.

ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తున్నారని కేంద్రాల్లో కొందరు అంటారు. అది తప్పు. సరైన డోసులో రోజూ వేసుకుంటే ఇది మత్తెక్కించదు, మత్తుమందు కోసం కలిగే తపనను అణచి ఉంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీన్ని, ఇదే అవసరానికి వాడే మరో మందు మెథడోన్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

ఎందుకు చేర్చుకోరో సూటిగా అడగండి. మాత్ర రాసిచ్చే డాక్టర్ తమ దగ్గర లేరనో, నియంత్రిత మందును తాళం వేసి లెక్క రాయడం తలనొప్పి అనో, యాంటీబయాటిక్ ఎక్కించడానికి చేతి నరంలో అమర్చిన పిక్ లైన్ అనే సన్నని గొట్టంలోంచి మత్తుమందు ఎక్కించుకుంటాడనో చెబుతారు. మొదటి రెండింటికీ ఆస్పత్రి నుంచే దారి దొరుకుతుంది. డోసు ఎంత, ఏ వేళకు ఇవ్వాలి, ఇకపై ఎవరు రాసిస్తారు, అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి డిశ్చార్జ్ సమ్మరీలో రాయించండి. కేంద్రానికి చేరిన రాత్రే డోసు తప్పిపోకుండా కొన్ని రోజుల మందు ముందే ఏర్పాటు చేయమనండి. సమ్మరీలో ఊరికే 'హెరాయిన్ వ్యసనం' అని రాసి వదిలేస్తే చదివినవారు భయపడతారు. 'చికిత్స తీసుకుంటున్నారు, డోసు నిలకడగా ఉంది' అని కూడా ఉండాలి. గొట్టం భయానికి మాత్రం, మీ డాక్టర్ అక్కడి డాక్టర్‌తో స్వయంగా మాట్లాడటమే మంచిది.

చేర్చుకోరేమోనని విషయం దాచకండి. తెలియక నిద్రమాత్రలు కలిపి ఇస్తే శ్వాస మందగించే ప్రమాదముంది. ఇంకో సంగతి: అలవాటు లేని నర్సులు ఈ మాత్రను కూడా మిగతావాటితో కలిపి గ్లాసుడు నీళ్లతో మింగించేస్తుంటారు. మింగితే సరిగా పనిచేయదు. నాలుక కింద పెట్టుకుని, పూర్తిగా కరిగేదాకా, అంటే 5–10 నిమిషాలు, కదపకుండా ఉంచాలి. ఇదీ రాయించండి.

ఎవరూ ఒప్పుకోకపోతే రోజూ ఆస్పత్రికి వచ్చి యాంటీబయాటిక్ ఎక్కించుకునే వీలుందా, వారానికోసారి ఇచ్చేదిగానీ మాత్రల రూపంలోగానీ సరిపోతుందా అని ఇన్ఫెక్షన్ల నిపుణుడిని అడగండి. ఏ క్రిమి అన్నదాన్నిబట్టి ఆయన నిర్ణయిస్తారు. ఏదీ ఖాయం కాకుండా డిశ్చార్జ్‌కు ఒప్పుకోకండి. ఇంటికెళ్లినా, కేంద్రానికెళ్లినా మత్తుమందు డోసు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే విరుగుడుగా ఇచ్చే నాలోక్సోన్ దగ్గర ఉండేలా చూసుకుని, వాడే పద్ధతి మీరూ నేర్చుకోండి.