ప్రశ్నలు, జవాబులు: విల్లు లింబ్‌ల బిగువు సరిచేయడం

ప్రశ్న: తడ కర్రతో 66 అంగుళాల విల్లు చెక్కుతున్నాను. 28 అంగుళాలు లాగితే 40 పౌండ్లు రావాలి. నారి ఎక్కించి, పిడి రెండు చివర్ల దగ్గర చెక్క నుంచి నారి దాకా కొలిస్తే పైన 152 మి.మీ., కింద 140 మి.మీ. వచ్చింది. ఇప్పటికి 20 అంగుళాలకే 40 పౌండ్లు చూపిస్తోంది. పిడికి పైన, కింద ఉండి వంగే రెండు లింబ్‌లలో దేన్ని గీకాలి? ఎంత గీకాలి?
(భద్రాచలం పాఠకుడు)

జవాబు: కింది లింబ్‌నే గీకాలి. కొలత ఏ వైపు తక్కువ వస్తే ఆ లింబ్ బిగువుగా ఉన్నట్టు. 12 మి.మీ. తేడా చాలా ఎక్కువ. అలాగని రెండూ సమానం చేసేయకండి, పైవైపు 3 నుంచి 5 మి.మీ. ఎక్కువ ఉండనివ్వండి. పిడి పట్టుకున్న చెయ్యి బాణానికి కింద ఉంటుంది కాబట్టి కింది లింబ్ మీద భారం ఎక్కువ పడుతుంది, వాడే కొద్దీ అదే ముందు సడలుతుంది. ఆ లెక్కతోనే దాన్ని కాస్త బిగువుగా వదులుతారు. మూడు వేళ్లూ బాణానికి కిందే పెట్టి లాగే అలవాటుంటే మాత్రం తేడా దాదాపు సున్నాకు తెచ్చుకోవచ్చు.

స్క్రేపర్ పట్టుకునే ముందు రెండు చూడండి. నారి కూర్చునే గాట్లు పిడి మధ్య నుంచి రెండు వైపులా ఒకే దూరంలో ఉన్నాయా? టిల్లరింగ్ స్టాండు (వంపు చూసుకోవడానికి విల్లును ఆనించి, నారిని కొక్కెంతో లాగే చట్రం) మీద విల్లు ఆనే చోటు, మీ అరచెయ్యి ఒత్తే చోటు ఒకటేనా? కొక్కెం కూడా మీ మధ్యవేలు పడే చోటే నారిని పట్టాలి. ఇవి తప్పితే మంచి విల్లు కూడా వంకరగా కనిపిస్తుంది, లేని జబ్బుకు మందు వేసినట్టవుతుంది. అన్నీ సరిగ్గా ఉండి, లాగేటప్పుడు కొక్కెం ఒక పక్కకు జరుగుతోందంటే అది బిగువు లింబ్ వైపే జరుగుతుంది.

తర్వాత బిగువు ఎక్కడుందో వెతకాలి. 150 మి.మీ. నిటారు చెక్కముక్క తీసుకుని మధ్యలో రంధ్రం వేసి పెన్సిల్ దూర్చండి. నారి ఎక్కించిన విల్లు పొట్ట మీద, అంటే మన వైపు ఉండే ముఖం మీద, చెక్కముక్కను ఆనించి బాగా వంగిన చోట పెన్సిల్ మొన చెక్కకు అంటీ అంటనట్టు ఉండేలా బిగించండి. ఇక లింబ్ పొడవునా జరుపుకుంటూ వెళ్తే వంపు చాలని చోటల్లా గీత పడుతుంది. ఆ గీత ఉన్న చోటే గీకాలి. వీపును, అంటే గురి వైపు ముఖాన్ని, ముట్టుకోవద్దు. అక్కడ పీచు తెగితే విల్లు విరుగుతుంది.

ఎంత గీకాలంటే, ముందు 15 సార్లు స్క్రేపర్ లాగి ఆపేయండి. లింబ్ బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 15 మి.మీ. మందంలో అర మి.మీ. పోయిందంటే అక్కడ బిగువు పదో వంతు పోయినట్టే. గీకాక 20 అంగుళాలకు లోపే, 25, 30 సార్లు మెల్లగా లాగి వదిలి, అప్పుడు మళ్లీ కొలవండి. పని చెప్పకుండా కొలిస్తే మార్పు సరిగ్గా బయటపడదు, మీరు మళ్లీ గీకేస్తారు, రెండు రోజుల తర్వాత కింది లింబ్ మెత్తబడిపోయి కనిపిస్తుంది. ఈ పనిలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

తేడా 5 మి.మీ.కి వచ్చేదాకా పై లింబ్ జోలికి పోకండి. ఆ తర్వాత రెండింటినీ సమానంగా గీకుతూ అంగుళం అంగుళం లాగుడు పెంచండి. ఏ దశలోనూ 40 పౌండ్లు దాటి లాగవద్దు. సమతూకం ఇప్పుడే కుదర్చాలి. 28 అంగుళాలు వచ్చాక చూద్దామనుకుంటే, అప్పుడు గీకే ప్రతి పొరా పౌండ్లను మింగేస్తుంది.

ప్రశ్న: పై లింబ్ పిడికి జానెడు దూరంలో కీలులా వంగుతోంది. పొట్ట మీద అడ్డంగా సన్నని గీతలు కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?
(కరీంనగర్ పాఠకుడు)

జవాబు: ఆ చోటుకు ఇక స్క్రేపర్, ఉప్పుకాగితం, ఏదీ తగలనివ్వకండి. ఆ గీతలు ఒత్తిడికి నలిగిన పీచులు. అవి మళ్లీ అతుక్కోవు. కీలుకు రెండు పక్కలా, పిడి వైపూ కొన వైపూ, కొద్దికొద్దిగా గీకి వంపును పంచండి. పౌండ్లు తగ్గుతాయి, తగ్గనివ్వండి. 40 అనుకున్నది 32 అయినా విల్లు బతుకుతుంది. గీత గోరుకు తగిలేంత లోతుగా ఉంటే మాత్రం ఆ విల్లుతో ఎవరూ బాణం వేయకూడదు.

ప్రశ్న: వెదురు విల్లుకూ ఇదే పద్ధతా?
(పాడేరు పాఠకురాలు)

జవాబు: కొలతలు, లాగుడు అన్నీ అవే. వెదురుకు బయటి తోలే వీపు. గట్టి పీచు అక్కడే దట్టంగా ఉంటుంది, లోపలికి పోయే కొద్దీ పలచబడుతుంది. గీకేది లోపలి వైపే. కణుపుల దగ్గర చెక్క కాస్త ఎక్కువ వదిలి, కణుపుకీ కణుపుకీ మధ్య భాగాన్నే గీకండి. వానాకాలంలో అయితే కర్రను రోజూ వంటింటి త్రాసు మీద తూచి, వరసగా వారం రోజులు బరువు మారకపోతేనే పని మొదలుపెట్టండి. పచ్చిదనం ఉన్న బద్ద నారి విప్పాక కూడా వంగినట్టే ఉండిపోతుంది.