షిచి-గో-సాన్‌కి మనవాళ్లు వెళ్లొచ్చా?

జపాన్‌లో ఉంటున్నామనీ, మూడేళ్ల అమ్మాయిని షిచి-గో-సాన్‌కి ష్రైన్‌కి (షింతో గుడికి) తీసుకెళ్లమని పక్కింటావిడ అంటున్నారనీ, మనం షింతో (జపాన్ వాళ్ల సంప్రదాయ మతం) వాళ్లం కాదు కదా రానిస్తారా అనీ అడిగారు.

హాయిగా వెళ్లండి. పిల్లలు చల్లగా పెరగాలని చేసే వేడుక అది. వయసులు పేరులోనే ఉన్నాయి కదా, 7-5-3. ఆడపిల్లలకి మూడు, ఏడు, మగపిల్లలకి ఐదు (కొన్నిచోట్ల మూడు కూడా). మా పాపకి మూడో ఏట చేయించాం. మతం ఏమిటని ఎవరూ అడగలేదు. పేరు, పుట్టిన తేదీ, అడ్రసు అడిగారంతే.

ఆ పేరు దగ్గరే జాగ్రత్త. మన సంకల్పంలో గోత్రనామాలు చెప్పినట్టే, పూజారి ‘నోరితో’ అనే షింతో ప్రార్థన చదువుతూ పిల్ల పేరు కూడా చదువుతారు. నేను ఫారంలో ఇంగ్లిష్‌లో రాసిచ్చాను. పాపం ఆయన మా ఇంటిపేరు దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, ఇంకెవరిదో ఇంటిపేరు చదివేశారు. నవ్వు కనబడకుండా మా ఆవిడ తల దించేసుకుంది. మీరు కటకానాలో (విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపిలో) రాసివ్వండి.

అసలు రోజు నవంబరు 15. కానీ అక్టోబరు, నవంబరుల్లో ఎప్పుడైనా వెళ్తారు. శని, ఆదివారాలు మాత్రం కిటకిటే. దక్షిణ చాలాచోట్ల 5,000 నుంచి 10,000 యెన్లు, కవరులో పెట్టి ఇవ్వాలి. ఎరుపు, తెలుపు తాడు సీతాకోకచిలుక ముడి వేసి ఉన్నదే కొనండి. విప్పరాని ముడి ఉన్నవి పెళ్లిళ్లకి.

లోపల మాకు ఇరవై నిమిషాలు పట్టింది. తెల్లకాగితం కుచ్చుల కర్ర తలల మీద ఊపి శుద్ధి చేస్తారు. చివర్లో ఆకుకొమ్మ ఇస్తే, కాడ దేవుడి వైపు ఉండేలా తిప్పి పెట్టాలి. తర్వాత రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. టెన్షన్ పడకండి, ముందున్న వాళ్లని చూసి చేసేయొచ్చు.

కిమోనో అద్దెకి తీసుకున్నాం. మా పిల్ల జోరి చెప్పులు పది నిమిషాల్లో విసిరికొట్టింది. మామూలు బూట్లు బ్యాగులో పెట్టుకోండి.

ఒకప్పుడు అక్కడ పసిపిల్లలకి గుండు చేసేవారట. మూడో ఏట జుట్టు పెంచడం మొదలుపెట్టే ‘కమిఒకి’ నుంచే ఈ మూడేళ్ల వేడుక వచ్చింది. ఫోన్లో ఇది విని మా అమ్మ, "మనం తిరుపతిలో తీయిస్తాం, వాళ్లు ఉంచుతారన్నమాట" అంది. మా పాపకి రెండూ అయ్యాయి!

చితోసె-అమె అనే పొడుగాటి మిఠాయి కడ్డీలు ఇస్తారు. కొంగ, తాబేలు బొమ్మల సంచి బాగుంటుంది. మిఠాయి మాత్రం ఇంటికెళ్లి, చిన్న ముక్కలు చేసి పెట్టండి. అద్దె కిమోనోకి అంటుకుంటే వదలదు.