మార్కుల్లేని ఫైలులో ఏం చూడాలి?

ప్రశ్న: మా పాప యూకేజీ. ఈ ఏడాది స్కూల్లో పరీక్షలు తీసేసి, పోర్ట్‌ఫోలియో అని పిల్లలు గీసినవి, రాసినవి పెట్టే ఓ ఫైలు ఇస్తున్నారు. ఇంటి నుంచీ ఏవైనా చేర్చమంటున్నారు. పాప ఎంత నేర్చుకుందో దాన్నిబట్టి ఎలా తెలుస్తుందండీ?
– ఓ తల్లి, పటమట, విజయవాడ

జవాబు: ఈ వయసుకు పరీక్షలు తగవని, పిల్లల్ని గమనించి, వాళ్లు చేసినవి చూసి అంచనా వేయాలని పునాది దశకు (మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు) 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పింది. మీ స్కూలు చేసింది మంచి పనే. ఫైలు మాత్రం లావుగా ఉంటే చాలదు.

ముందు ప్రతి కాగితం మీదా తేదీ ఉందేమో చూడండి. అది లేకపోతే ఏది ముందో, ఏది తర్వాతో తెలియదు. తర్వాత, ఒకే పని మళ్లీ మళ్లీ చేయించారా? జూన్‌లో ఒకటి, దసరా సెలవులయ్యాక ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి 'అమ్మ బొమ్మ' ఉంటే పక్కపక్కన పెట్టండి. మొదటిదాంట్లో తలకాయ నుంచే కాళ్లు వస్తాయి, తర్వాత పొట్ట వస్తుంది, ఆపైన వేళ్లు, చెవులకు జూకాలు. ఎదుగుదల అక్కడ కనిపిస్తుంది. మ, య అక్షరాల దగ్గర తికమకపడటం ఎప్పుడు తగ్గిందో కూడా ఇలాగే తెలుస్తుంది. టీచరు గీసిచ్చిన బొమ్మకు దూది అంటించిన కాగితాలు ఎన్నున్నా పాప గురించి ఏమీ చెప్పవు. చెరిపేసి మళ్లీ రాసినవీ ఉంచమని అడగండి. బాగున్నవే ఏరి పెడితే ఎక్కడ తడబడుతోందో కనపడదు.

ఇంటి నుంచి నెలకు మూడు చాలు. పాప చెప్పే కథ రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చేయండి, మధ్యలో అందించకండి. 'అందుకని', 'అప్పుడేమో' అంటూ వరస తప్పకుండా చెబుతోందా? తెలుగులో ఆమె ఎంత చెప్పగలదో ఇంగ్లిషు మీడియం క్లాసులో అంతగా బయటపడదు. రెండోది, లెక్క ఎంత వచ్చిందో తెలియడానికి 'నలుగురికి కంచాలు పెట్టు' అని చూడండి. నాలుగూ ఒకేసారి తెచ్చిందా, ఒక్కొక్కరికీ ఒక్కోసారి వెళ్లిందా? చూసింది చూసినట్టు రాయండి. 'బాగా చేస్తోంది' అని రాస్తే టీచరుకు పనికిరాదు. మూడోది, తనంతట తాను రాసిన ఓ కాగితం. చెయ్యి పట్టుకుని రాయిస్తే వచ్చేసిందనుకుని టీచరు ముందుకెళ్తారు, పాప వెనకబడుతుంది. సాయం చేస్తే వెనక ఆ మాట రాయండి.

మీటింగులో పేజీలు పాపనే తిప్పనివ్వండి. ఇంకో పిల్ల ఫైలుతో పోల్చకండి.

ఆరునెలలైనా మార్పే లేకపోయినా, అయిదేళ్లకీ ఆమె మాట బయటివాళ్లకు అర్థం కాకపోయినా పిల్లల డాక్టరుకు చూపించి, ముందు వినికిడి పరీక్ష చేయించండి.