కలిసి మొదలైన పరికరాలు కలిసి నడవవెందుకు?

ప్రశ్న: మా ఇంజనీరింగ్ కళాశాలలో కాంక్రీటు దూలం కంపనాలను నమోదు చేయడానికి నాలుగు డేటా అక్విజిషన్ (సెన్సర్ సంకేతాలను అంకెలుగా నమోదు చేసే) పరికరాలను ఈథర్‌నెట్ స్విచ్‌కు కలిపాము. సెకనుకు 1,000 శాంపిళ్ల (కొలతల) చొప్పున నాలుగింటినీ ఒకేసారి ప్రారంభించినా, అరగంట గడిచేసరికి ఒకే సుత్తి దెబ్బ నాలుగు గ్రాఫుల్లో నాలుగు చోట్ల కనిపిస్తోంది. ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసే పద్ధతితో) కంప్యూటరు సమయాన్ని సరిచేసినా తేడా పోలేదు. లోపం ఎక్కడ ఉన్నట్టు?
— ఒక ప్రయోగశాల సహాయకుడు

జవాబు: మీ పరికరాలు చెడిపోలేదు. శాంప్లింగ్‌కు లయనిచ్చేది ప్రతి పరికరంలోనూ దాని సొంత క్వార్ట్జ్ స్ఫటికమే. సాధారణ స్ఫటికం పది లక్షలకు 20 వంతుల మేర అటూ ఇటూ కావడం మామూలే. ఒకటి అంత వేగంగా, మరొకటి అంత నెమ్మదిగా నడిస్తే సెకనుకు 40 మైక్రోసెకన్ల చొప్పున ఎడం పెరిగి, అరగంటకు 72 మిల్లీసెకన్లకు, అంటే మీ లెక్కలో 72 శాంపిళ్లకు చేరుతుంది. ఉష్ణోగ్రతతో పాటు ఈ వేగమూ మారుతుంది కనుక ఒకసారి కొలిచిన తేడాను ప్రతి ప్రయోగానికీ వాడుకోలేరు.

ఎన్‌టీపీతో మీరు సరిచేసింది కంప్యూటరు గడియారాన్ని. శాంప్లింగ్ గడియారం తన దారిన తాను నడుస్తూనే ఉంది. పైగా ఎన్‌టీపీ కచ్చితత్వం సాధారణంగా మిల్లీసెకన్ల స్థాయిలోనే ఉంటుంది. 100 హెర్ట్జ్ కంపనంలో 1 మిల్లీసెకను తప్పితే ఫేజ్‌లో, అంటే 360 డిగ్రీల ఊపు చక్రంలోని స్థానంలో, 36 డిగ్రీల పొరపాటు వస్తుంది. దూలం ఏ ఆకృతిలో ఊగుతోందో ఫేజ్ తేడాలను బట్టే తెలుసుకుంటాం కాబట్టి, ఈ పొరపాటును చిన్నదని వదిలేయడానికి వీల్లేదు.

పరికరాలన్నీ ఒకే బల్లపై ఉంటే, వాటికి ఆ సదుపాయం ఉన్నట్లయితే, ఒకదాని శాంప్లింగ్ క్లాక్‌నూ ట్రిగ్గర్‌నూ (నమోదు మొదలుపెట్టమనే సంకేతాన్నీ) తీగ ద్వారా మిగతా మూడింటికీ ఇవ్వండి. నా దృష్టిలో ఇంతకన్నా నమ్మకమైన మార్గం లేదు. దూరంగా ఉంటే, 2002లో ఐఈఈఈ 1588 ప్రమాణంగా వెలువడిన పీటీపీని (ప్రెసిషన్ టైమ్ ప్రోటోకాల్, నెట్‌వర్క్‌లోని గడియారాలను మరింత కచ్చితంగా కలిపే పద్ధతి) ఆశ్రయించాలి. ఇందులో మాస్టరు గడియారం, పరికరం సందేశాలు పంపుకొని, అవి బయలుదేరిన, చేరిన క్షణాలను పోల్చి తేడాను లెక్కగడతాయి. పోవడానికీ రావడానికీ ఒకే సమయం పడుతుందన్నది ఈ లెక్కకు ఆధారం. మామూలు స్విచ్‌లో ప్యాకెట్లు వరుసలో ఆగినప్పుడు ఆ ఆధారమే పోతుంది. అందుకే పీటీపీ తెలిసిన స్విచ్‌నూ, సమయాన్ని పోర్టు వద్ద హార్డ్‌వేర్‌లోనే ముద్రించే పరికరాలనూ ఎంచుకుంటే మైక్రోసెకను లోపు పొందిక సాధ్యమవుతుంది. అయితే ఆ సమయం శాంప్లింగ్ క్లాక్‌ను కూడా నడిపిస్తుందో లేదో కొనే ముందే కనుక్కోండి.

ఏ మార్గం ఎంచుకున్నా, ఒకే జనరేటరు నుంచి ఒకే పల్స్‌ను నాలుగు పరికరాల్లోనూ ఒక్కో ఛానెల్‌కు ఇచ్చి, మొదటి నిమిషంలోనూ ముప్పయ్యో నిమిషంలోనూ పోల్చి చూడండి.