జోన్ వచ్చిందని ఫోన్ చేసిన పావనికి

శ్రీకాకుళం

చిరంజీవి పావనికి, అత్త ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "అత్తా, స్టెఫైలోకాకస్ బాక్టీరియా ప్లేటు మీద, జీడితొక్క సారం పోసిన గుంట చుట్టూ, బాక్టీరియా పెరగని జోన్ 22 మిల్లీమీటర్లు వచ్చింది" అన్నప్పుడు నీ గొంతు విని నాకు కడుపు నిండిపోయింది. రాత్రి పడుకున్నాక మాత్రం ఒక్కొక్క సందేహమే మొదలైంది. ఫోన్లో అడిగితే టెన్షన్ పడతావని ఇలా రాస్తున్నాను.

ముందు ఆ తొక్కల సంగతి చెప్పు. పలాస నుంచి తెచ్చానన్నావు. పచ్చివా, కాల్చినవా, ఆవిరి పట్టినవా? జీడితొక్క నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. గట్టిగా వేడి తగిలితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి అది కార్డనాల్‌గా మారిపోతుంది. కాల్చిన తొక్కతో పనిచేసి థీసిస్‌లో అనకార్డిక్ ఆమ్లమని రాస్తే, పరీక్షించింది ఒకటి, పేరు పెట్టింది ఇంకొకటి అవుతుంది. పచ్చి పిక్కలే అడిగి తెచ్చుకో. నీడన ఆరబెట్టు, సారం తీయడానికి వాడిన మిథనాల్ ద్రావకాన్ని తక్కువ వేడిలో ఆవిరి చెయ్యి. చైనాలో శాస్త్రవేత్త తూ యూయూ బృందం మన మాచిపత్రికి చుట్టమైన మొక్క నుంచి మలేరియా మందు తీసింది. వేడికి మందు పాడైపోతోందని గ్రహించి, తక్కువ వేడికే మరిగే ఈథర్ వాడాకే, 1971లో, వాళ్లకు దారి దొరికింది.

వట్టి మిథనాల్ పోసిన గుంట కూడా ఆ ప్లేటులో ఉందా? నా ప్రాజెక్టు రోజుల్లో వేపాకు సారంతో పెద్ద జోన్ వచ్చింది. అందరికీ చూపించాను. తర్వాత వట్టి ద్రావకం పోసి చూస్తే దాదాపు అంతే జోన్. మిథనాల్ పూర్తిగా ఆరకముందే వాడేశాను. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. ఆ కష్టం నీకు రాకూడదు. డీఎంఎస్‌ఓ అనే ద్రావకం వాడినా అంతే, అది ఒంటరిగా ఉన్న గుంట తప్పనిసరి.

ఇంకోటి, జోన్ పెద్దదైతే మందు బలమైనదని కాదు. నూనె తత్వం ఉన్న పదార్థం ప్లేటులోని అగార్ జెల్లీలో సరిగా పాకదు. అందుకే 96 గుంటల ప్లేటులో ఎంఐసీ, అంటే బాక్టీరియా పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు, కొలువు. రెసజూరిన్ అనే రంగు వేస్తే బాక్టీరియా బతికున్న గుంట నీలం నుంచి గులాబీకి మారుతుంది. ఈ.కోలై బాక్టీరియా మీద పనిచేయకపోతే దిగులు పడకు. దానికి బయట ఇంకో పొర అడ్డు. పనిచేయలేదనే రాయి.

ఇక నీ సారం కడుపులో పురుగులకు మందవుతుందా అని చూసే పరీక్షకు వాడే వానపాములు. మన కాలేజీల్లో అందరూ వాటితోనే చేస్తారు. సారంలో వేసి, ఎన్ని నిమిషాలకు కదలిక ఆగింది, ఎన్ని నిమిషాలకు చచ్చింది, పక్కన పురుగుల మందు ఆల్బెండజోల్‌లో వేసినవి ఎలా ఉన్నాయి అని చూస్తారు. కానీ వానపాము ఏలికపాము కాదమ్మా. అది తడి చర్మంతో ఊపిరి పీలుస్తుంది. నీది ఆమ్లం. ఆ పులుపుకే చచ్చిపోవచ్చు. పీహెచ్ సరిచేసి మళ్లీ చూడు. వీలైతే పశువుల డాక్టరును కలువు. గొర్రె నాలుగో పొట్టలో రక్తం తాగే హీమాంకస్ పురుగు ఉంటుంది. పేడలోంచి తాజాగా దాని గుడ్లు తీసి, నీ సారంలో ఉంచి, 48 గంటల్లో ఎన్ని పొదిగాయో లెక్కపెట్టవచ్చు. అది నిజమైన పరాన్నజీవి మీద పరీక్ష.

మన జిల్లాల్లో బోదకాలుకు పంచే డీఈసీ మాత్ర గుర్తుందా? అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1947లో బయటపెట్టింది. ఆ మందును ఉత్త గాజు పాత్రలో వేస్తే మైక్రోఫైలేరియాలను, అంటే బోదకాలు పురుగు పిల్లలను, పెద్దగా ఏమీ చేయదు. శరీరం తోడైతేనే పనిచేస్తుంది. వాళ్లు ఫైలేరియా పురుగులున్న ఎలుకల్లో పరీక్షించారు కాబట్టే దొరికింది. పాత్రలో చచ్చిందంటే మందనీ కాదు, చావలేదంటే కాదనీ కాదు.

నన్ను అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టేది వేరే. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూశావా? ఆ నూనెకు చర్మం కాలి, పొక్కులెక్కి, నల్లబడి ఉంటాయి. మనిషి చేతిని కాల్చేది బాక్టీరియాను చంపిందంటే నాకు ఆశ్చర్యం లేదు. ఎర్ర రక్తకణాలను ఎంత మోతాదులో పగలగొడుతుందో కూడా కొలువు. ఎంఐసీకీ దానికీ మధ్య ఎంత దూరముందో అదే నీ థీసిస్‌లో నేను మొదట వెతికే అంకె. నువ్వు కూడా గ్లోవ్స్ లేకుండా ఆ తొక్క ముట్టుకోకు.

ఆదివారం విజయనగరంలో పొద్దున్న రైలెక్కితే భోజనం వేళకు వచ్చేస్తావు. ల్యాబ్ నోట్‌బుక్ తీసుకురా, కొట్టేసిన పేజీలతో సహా.

అత్త