ల్యాండింగ్ లైటు వేస్తే ఆయిల్ వేడెక్కుతుందా?

(సొంతంగా విమానం కట్టుకున్న పాఠకుల ఎలక్ట్రికల్, ఏవియానిక్స్ సందేహాలకు జవాబులు)

ప్రశ్న: నాది నేనే కట్టుకున్న రెండు సీట్ల కాంపోజిట్ (లోహం కాకుండా ఫైబర్, రెజిన్‌తో చేసిన) విమానం. ఇంజిన్ రోటాక్స్ 912. ల్యాండింగ్ లైటు స్విచ్ వేయగానే ఆయిల్ టెంపరేచర్ 8 డిగ్రీలు పెరిగినట్టు చూపిస్తోంది. ఆపగానే మామూలుకొస్తోంది. రేడియోలో మాట్లాడినప్పుడు కూడా కాస్త కదులుతోంది. సెన్సర్ మార్చినా ఫలితం లేదు. ఇప్పుడు డిస్‌ప్లే యూనిట్ మార్చమని స్నేహితులు అంటున్నారు. మార్చమంటారా?

జవాబు: వద్దు. మీరు తీసేసిన పాత సెన్సర్ కూడా బహుశా బాగానే ఉండి ఉంటుంది, పారేయకండి. ఇంజిన్‌లో ఉన్న ఆయిలంతా స్విచ్ వేసిన క్షణంలో 8 డిగ్రీలు వేడెక్కి, ఆపిన క్షణంలో చల్లారడం జరగని పని. మారుతున్నది వేడి కాదు, కొలత.

మీ సెన్సర్‌కి వెళ్లే వైరు ఒక్కటే. రెండో కొస ఇంజిన్ బ్లాకే. డిస్‌ప్లే మాత్రం ప్యానెల్ దగ్గరున్న తన ఎర్త్‌నే సున్నా వోల్టులుగా భావించి కొలుస్తుంది. ప్యానెల్ ఎర్త్, ఇంజిన్ బ్లాక్ రెండూ ఒకే వోల్టేజీలో ఉన్నంతవరకు పేచీ లేదు. మీది కాంపోజిట్ విమానం కాబట్టి బాడీ ద్వారా కరెంటు వెనక్కి పోదు, ప్రతిదానికీ తిరుగు వైరు ఉండాల్సిందే. లైటు తీసుకునే కరెంటు కూడా ప్యానెల్ ఎర్త్ మీదుగానే బ్యాటరీకి తిరిగి వెళుతోందని నా అనుమానం. 100 వాట్ల హాలోజెన్ లైటయితే అది దాదాపు 8 ఆంపియర్లు. ఆ దారిలో ఒక జాయింటు వదులై 0.02 ఓమ్ రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి, ప్యానెల్ ఎర్త్ 0.16 వోల్టులు పైకి లేస్తుంది. అప్పుడు సెన్సర్ దగ్గరి వోల్టేజీ డిస్‌ప్లేకి ఆ మేరకు తక్కువగా కనిపిస్తుంది. ఈ సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది కాబట్టి, తగ్గిన వోల్టేజీని డిస్‌ప్లే ‘వేడి పెరిగింది’ అని చదువుకుంటుంది. రేడియో మాట్లాడేటప్పుడు లైటు కన్నా చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది, అందుకే అప్పుడు కొంచెమే కదులుతోంది. యాంటెనా బదులు డమ్మీ లోడ్ (రేడియో పవర్‌ని గాల్లోకి పంపకుండా తనలోనే వేడిగా మార్చే రెసిస్టర్) పెట్టి మాట్లాడి చూడండి. అప్పుడూ కదిలితే ఎర్త్ సమస్యే. కదలకపోతే యాంటెనా నుంచి వచ్చే రేడియో తరంగాలు సెన్సర్ వైర్లలోకి చొరబడుతున్నట్టు.

ఇక ఆ జాయింటు ఎక్కడుందో పట్టుకోవాలి. మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి వెతకకండి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. 0.02 ఓమ్ మామూలు మల్టీమీటర్‌కి అందదు, దాని ప్రోబ్ వైర్ల రెసిస్టెన్సే అంతకన్నా ఎక్కువ. కరెంటు పారుతున్నప్పుడు వోల్టేజీ డ్రాప్ కొలవడమే సరైన పద్ధతి. ఇగ్నిషన్ ఆఫ్, చక్రాలకు అడ్డు, ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ ఉండకూడదు. మాస్టర్ స్విచ్ ఆన్ చేసి ల్యాండింగ్ లైటు వేయండి. గాలి తగలకపోతే హాలోజెన్ లైటు బాగా వేడెక్కుతుంది, కాబట్టి కొలిచేంతసేపే వేయండి. మీటర్‌ని డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబ్‌ని బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీదే ఆనించండి. క్లాంపు మీద కాదు, అసలు పోస్టు మీద. రెండో ప్రోబ్‌ని ముందు క్లాంపు మీద, తర్వాత కేబుల్ లగ్గు (వైరు కొసకి నొక్కి బిగించిన లోహపు ముక్క) మీద, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య అడ్డుగోడ) బోల్టు మీద, దాని అవతలి వైపు, చివరికి ప్యానెల్ ఎర్త్ బస్ (ఎర్త్ వైర్లన్నీ కలిసే పట్టీ) మీద పెడుతూ రండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగిరితే దొంగ అక్కడే ఉన్నాడు. ఈ లోడ్‌కి మొత్తం దారిలో 50 మిల్లీవోల్టులు దాటితే నేను ఒప్పుకోను.

నాకు ఎక్కువగా కనబడేవి రెండే: పెయింటు మీదే బిగించిన లగ్గు, సరైన టూల్ లేకుండా నొక్కేసిన క్రింప్. లోహం మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు క్రింప్ చేసి, స్టార్ వాషర్‌తో గట్టిగా బిగించండి. కుదిరితే ఫైర్‌వాల్‌లో ఒక ఇత్తడి బోల్టు పెట్టి బ్యాటరీ నెగెటివ్, ఇంజిన్ స్ట్రాప్ (ఇంజిన్ బ్లాక్‌ని ఎర్త్‌కి కలిపే మందపాటి తీగ), ప్యానెల్ ఎర్త్ అన్నీ దానికే తెచ్చి కలపండి. లైట్ల తిరుగు వైర్లు ప్యానెల్‌ని తాకకుండా నేరుగా అక్కడికే రావాలి.

ఇంకొక్క పరీక్ష తప్పకుండా చేయండి. స్టార్టర్ తిప్పుతున్నప్పుడు ఇంజిన్ బ్లాక్‌కీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య ఎంత ఉందో చూడండి. ఈసారి ప్రొపెల్లర్ తిరుగుతుంది, కాబట్టి మీటర్ వైర్లు ముందే క్లిప్పులతో తగిలించి, కాక్‌పిట్‌లో కూర్చునే చదవాలి. 0.3 వోల్టులు దాటితే ఇంజిన్ స్ట్రాప్ పనికిరాదు. స్ట్రాప్ చెడితే స్టార్టర్ కరెంటు థ్రాటిల్ కేబుల్, చోక్ కేబుల్ లాంటి వాటి మీదుగా దారి వెతుక్కుంటుంది. అవి వేడెక్కి లోపల మాడిపోతాయి.

8 డిగ్రీలే కదా, సర్దుకుపోదాం అని మాత్రం అనుకోవద్దు. ‘ఈ మీటర్ ఇంతే’ అని అలవాటుపడితే, ఆయిల్ నిజంగా వేడెక్కిన రోజున కూడా లైటు వల్లేనని ఊరుకుంటారు. నాకు టెన్షన్ అక్కడే.

ప్రశ్న: బయట విడిగా రెగ్యులేటర్ ఉన్న ఆల్టర్నేటర్ నాది. అమ్మీటర్ ముల్లు ఆగకుండా ఊగుతోంది, లైట్లు కూడా దాంతోపాటు మినుకుమంటున్నాయి. కొత్త రెగ్యులేటర్ వేసినా అంతే. ఏం చేయాలి?

జవాబు: రెగ్యులేటర్‌కి బస్ (అన్నిటికీ కరెంటు పంచే పట్టీ) నుంచి వచ్చే వైరు వెంట నడవండి: ఫీల్డ్ (ఆల్టర్నేటర్ లోపలి అయస్కాంత కాయిల్) బ్రేకర్, ఆల్టర్నేటర్ స్విచ్, మధ్యలో ఉన్న ప్రతి కనెక్టర్. చాలా రెగ్యులేటర్లు ఫీల్డ్‌కి ఇచ్చే కరెంటునీ, చూసుకునే వోల్టేజీనీ ఆ ఒక్క వైరులోంచే తీసుకుంటాయి. అందులో రెసిస్టెన్స్ చేరితే, ఫీల్డ్ కరెంటు పెంచగానే వైరులో డ్రాప్ పెరిగి వోల్టేజీ ఇంకా తక్కువగా కనబడుతుంది, రెగ్యులేటర్ ఇంకా పెంచుతుంది. తగ్గించేటప్పుడు దీనికి రివర్స్‌లో. అదే ఆ ఊగడం. ఇంజిన్ ఆపి, మాస్టర్, ఆల్టర్నేటర్ స్విచ్‌లు ఆన్ చేసి, బస్‌కీ రెగ్యులేటర్ టెర్మినల్‌కీ మధ్య కొలవండి. 0.2 వోల్టులు దాటితే పాత స్విచ్‌ని ముందు అనుమానించండి. ఆలస్యం చేయకండి. 14.2, 14.4 మధ్య ఉండాల్సిన బస్ వోల్టేజీ 15 వైపు పాకితే బ్యాటరీ పోతుంది.

ప్రశ్న: రేడియోలో 121.175లో మాట్లాడితే జీపీఎస్ పోతోంది. వేరే ఫ్రీక్వెన్సీల్లో బాగానే ఉంటోంది. జీపీఎస్ పాడైందా?

జవాబు: పాడవలేదు. జీపీఎస్ సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్. మీ 121.175ని 13తో గుణించండి: 1575.275. రేడియో నుంచి సన్నగా వెలువడే 13వ హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి 13 రెట్లున్న తరంగం) సరిగ్గా జీపీఎస్ నెత్తిన పడుతోంది. 131.275లో కూడా ప్రయత్నించండి. అక్కడ 12వ హార్మోనిక్ పడుతుంది కాబట్టి జీపీఎస్ మళ్లీ పోవచ్చు. రెండు యాంటెనాలనూ వీలైనంత దూరం జరపండి, జీపీఎస్ కోయాక్స్ (యాంటెనా కేబుల్) కనెక్టర్లు రెండు కొసల్లోనూ విప్పి షీల్డు అల్లిక తెగలేదని చూసుకోండి. అప్పటికీ పోతుంటే రేడియో యాంటెనా లైనులో జీపీఎస్ ఫ్రీక్వెన్సీని అడ్డుకునే నాచ్ ఫిల్టర్ పెట్టండి. దాన్ని రేడియోకి దగ్గరగా, కోయాక్స్ మొదట్లోనే బిగించాలి.